మన విద్యాభివృద్ధి: ఒక విమర్శ

తెలుగు సంఘముల ప్రత్యేక సంచికలలో విద్యను గూర్చిన వ్యాసము లేని సంచిక అరుదు. ఆ వ్యాసముల నడక మనకందరకును పరిచితమే. విజయనగర కాలమునందును, ఆ తరువాతను దక్షిణమునకు వచ్చిన పూర్వులతో కథ మొదలగును. వారు నల్లరేగడి భూములను సాగుచేసి పత్తి పండించిరి. వారి సంతతివారు మిల్లులు పెట్టిరి, కళాశాలలు నెలకొల్పిరి. నేటివారు ఇంజనీర్లును వైద్యులును అయి సముద్రములు దాటిరి. చివర ఆ యేటి పరీక్షలలో అగ్రస్థానము పొందిన బాలబాలికల ఛాయాచిత్రములు, వాటి క్రింద మార్కుల సంఖ్యలు. తెలుగువాని తెలివికిని శ్రమకును ఇదియే నిదర్శనమను వాక్యముతో వ్యాసము ముగియును.

మేమును అట్టి వ్యాసములను చదివి మురిసినవారమే. ఒకటి రెండు వ్రాసినవారమే. కావున ఈ విమర్శ పరులపై విసరిన రాయి కాదు. మా లెక్కను మేమే సరిచూచుకొనుట. మా అభియోగ మొక్కటే. భూమికిని, పెట్టుబడికిని, తీరికకును చెందవలసిన భాగమును కూడ ఈ వ్యాసములు తెలివి ఖాతాలోనే జమకట్టుచున్నవి. అందువలన ఆ మూడును లేని తెలుగువారు, మన ఊళ్లలోనే మన భాషనే మాట్లాడుచు బ్రతుకువారు, మన పుటలనుండి జారిపోవుచున్నారు.

మనము మిక్కిలి ప్రేమతో చెప్పుకొను కథనే ముందుగా పరిశీలింతము. 2025 అక్టోబరులో కోయంబత్తూరు అవినాశి మార్గముపై పది కిలోమీటర్లకు పైగా పొడవుగల వంతెనను ప్రారంభించి, దానికి జి. డి. నాయుడుగారి పేరు పెట్టిరి. ఆ వార్త విని సంతసింపని తెలుగు ఇల్లు ఆ నగరమున ఉండదు. 1893లో కళంగల్ గ్రామమున జన్మించిన ఆ మహనీయుడు ప్రాథమిక తరగతులతోనే బడికి స్వస్తి చెప్పెను. 1920లో పొళ్లాచ్చి, పళని ఊళ్ల నడుమ ఒక్క బస్సుతో వ్యాపారము మొదలిడెను. యంత్రములను కనిపెట్టి దేశవిదేశములలో కీర్తి గడించెను. ఈ కథనుండి మన వ్యాసకర్తలు తీయు నీతి ఏమి? "ప్రతిభ యున్నవానికి బడి అక్కరలేదు, పైకి రానివానికి పట్టుదల లేదు" అని. నీతి వినుటకు ఇంపుగా ఉన్నది. కాని అది కథలో లేదు.

కథను నిదానముగా చదివినచో కానవచ్చునది వేరు. బడి విడిచిన బాలునికి తండ్రి పొలము ఉన్నది. హోటలులో పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో మోటారు సైకిలు కొని, దానిని విప్పి బిగించి పరీక్షించు స్వేచ్ఛ ఆ యువకునకు ఉన్నది. ఆ సంపాదనపై ఆధారపడి పూటగడుపుకొను కుటుంబము వెనుక లేదు. మొదటి బస్సు కొనునాడు కోయంబత్తూరు పారిశ్రామికుడు రాబర్టు స్టేన్సు దొర అప్పిచ్చి ఆదుకొనెను. ఇంతమాత్రమున నాయుడుగారి ప్రతిభ తగ్గదు. కాని ప్రతిభకు పొలము ఆసరా ఇచ్చినది, అప్పు రెక్కలిచ్చినది. పొలమును లేక, నమ్మి అప్పిచ్చువాడును లేక, అదే ప్రతిభతో పుట్టిన మరియొక బాలుడు బడి మానినచో ఏమగును? అతని పేరు ఏ వంతెనకును ఉండదు. అతనిని గూర్చి మనము వ్యాసము వ్రాయము.

వేరొక సంగతియు గమనింపదగినది. నాయుడుగారు స్వయముగా బడి అనవసరమని తీర్మానింపలేదు. 1945లో నెలకొల్పబడిన సాంకేతిక కళాశాలకు ఆయన దోహదము చేసెను. నేడు అది ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా వెలయుచున్నది. చదువునకు పట్టు కాలము వృథాగా దీర్ఘమైనదని ఆయన వాదించెను. చదువునకు పట్టు కాలమును తగ్గింపుడనుట వేరు. చదువే వలదనుట వేరు. ఏండ్ల తరబడి బిడ్డ సంపాదన లేక కూర్చుండ బెట్టలేని పేద తల్లిదండ్రులకే ఆయన మొదటి మాట మేలు చేయును. మనము మాత్రము రెండవ మాటను ఆయన నోట పెట్టితిమి.

ఇక సంపదను గూర్చి. పి. ఎస్. గోవిందస్వామి నాయుడుగారి నలుగురు కుమారులు 1926లో తండ్రి ఆస్తిని ఐదు భాగములు చేసి, నాలుగు తాము పంచుకొని, ఐదవ భాగమును ధర్మమునకు విడిచిరి. పీళమేడులోని సర్వజన పాఠశాల, 1947 నాటి కళాశాల, 1951 నాటి సాంకేతిక కళాశాల, ఆ వెనుక వైద్య కళాశాల, అన్నియు ఆ ధర్మవృక్షపు కొమ్మలే. ధర్మమును ఐదవ కుమారునిగా ఎంచిన ఆ దృష్టికి మేము చేతులెత్తి మ్రొక్కుచున్నాము. కాని ఆ ఐదవ భాగము ఉండుటకు ముందు తక్కిన నాలుగు భాగములును ఉండవలెను గదా! పత్తి పండు నల్లనేల, 1888 మొదలు ఆ పట్టణమున వెలసిన నూలు మిల్లులు, 1932లో నీలగిరి పైకారా జలపాతమునుండి దిగివచ్చిన విద్యుత్తు, ఇవి కూడి కోయంబత్తూరు సంపదను పెంచినవి. ఆ సంపద చదువును కొన్నది. ఆ చదువు మరల సంపదను పెంచినది. ఈ చక్రమున మొదట తిరిగిన ఆకు తెలివి కాదు, భూమి.

అదే విద్యుత్తు మరియొక తెలుగు ఇంటిలో చేసిన పనిని కూడ చూతము. కొంగునాట బావుల వ్యవసాయము కపిలలపై నడచిన కాలమున, ఎద్దులు లాగు తోలు బానలను కుట్టి బాగుచేసిన వారు అరుంధతీయులు. వారిలో అనేక కుటుంబముల ఇంటి భాష తెలుగు. పొలమున విద్యుత్ పంపు వచ్చెను, కపిల పోయెను, తోలు బానతో పాటు దానిని కుట్టిన చేతికి పనియు పోయెను. పంపులను చేయు కర్మాగారములు కోయంబత్తూరును దేశమున ప్రసిద్ధము చేసినవి. పని పోయినవారిలో పలువురు అదే నగరపు వీధులు ఊడ్చుటకును, మురుగు కాలువలు తీయుటకును వచ్చిరి. ఒకే తీగెపై వచ్చిన వెలుగు ఒకరి ఇంట కళాశాలయైనది, ఇంకొకరి ఇంట చీపురైనది. రెండు ఇండ్లలోను తల్లిని పిలుచు మాట "అమ్మ" యే. ఆకలి చెప్పు మాట తెలుగే.

ఈ రెండవ ఇంటి బిడ్డ చదువులో వెనుకబడినచో దానిని తెలివి కొరత యందురా? తమిళనాడు ప్రభుత్వము అట్లనలేదు. జనార్దనం సంఘము 2008లో ఇచ్చిన నివేదికను పురస్కరించుకొని, షెడ్యూల్డు కులములకుగల 18 శాతములో 3 శాతమును అరుంధతీయులకు ప్రత్యేకించుచు 2009లో చట్టము చేసినది. జనసంఖ్యకు తగిన పాలు విద్యాలయములలోను ఉద్యోగములలోను వారికి అందలేదనుటయే దానికి హేతువు. 2024 ఆగస్టు 1వ తేదీన సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము అట్టి ఉపవర్గీకరణ రాజ్యాంగ సమ్మతమేనని తీర్పు చెప్పినది. తెలుగు మాతృభాషగాగల వేలాది బిడ్డలకు కళాశాల ద్వారమును తెరచిన ఈ చట్టమును గూర్చి మన సంచికలలో ఎన్ని పుటలు వ్రాసితిమి? మేము మా బీరువాలోని పాత సంచికలను తిరుగవేసితిమి. మాకు ఒక్క పుటయు కానరాలేదు.

మధురకు పోవుదము. అచటి తెలుగువారికి భూమికంటె కీర్తియే పెద్ద ఆస్తి. తిరుమల నాయకుని (1623–1659) మహలు నేటికిని నిలిచియున్నది. విజయరంగ చొక్కనాథుడు (1706–1732) రాజ్యమేలుచు తెలుగున వచనగ్రంథములు వ్రాసెను. ఆ ఆస్థానమున మన వచనము వికసించినదని సాహిత్య చరిత్రకారులందరును ఒప్పుకొనిరి. ఇది నిజము. కాని ఆస్థానమున వెలసిన విద్య ఆస్థానము దాటి ఎంత దూరము నడచినది? నాయకరాజుల వైభవమును తమ వైభవముగా చెప్పుకొను రాజకంబళ నాయకులలో పలువురు మెట్టసేద్యమును, పశువుల మందలను నమ్ముకొని బ్రతికినవారు. 1799లో ఉరికంబ మెక్కిన కట్టబొమ్మన తమవాడని వారు గర్వింతురు, గర్వింపదగును. ప్రభుత్వము మాత్రము ఆ తొట్టియ నాయకులను అత్యంత వెనుకబడిన తరగతులు, విముక్త జాతులు అను విభాగమున చేర్చినది. పూర్వుల కత్తి గోడకు అలంకారము కాగలదు. బిడ్డ చేతికి పలక కాజాలదు. కీర్తిని పంచుకొనునపుడు మనమందరమును ఒక్కటే జాతి. బడి రుసుము చెల్లించునపుడు ఎవరి ఇల్లు వారిది.

పేదరికము చదువునకు ఎట్లు అడ్డుపడునో వివరింపనిదే విమర్శ నిందగా మిగులును. కావున ఒక్కొక్క మెట్టును చూతము.

మొదటిది ఆకలి. దీనిని ముందుగా గుర్తించినవారిలో ఒక తెలుగువాడు ఉండుట మనకు గౌరవము. దేవాంగ కుటుంబమున జన్మించిన పిట్టి త్యాగరాయచెట్టిగారు 1920లో చెన్నపట్టణపు నగరపాలక అధ్యక్షులుగా నుండి, థౌజండ్ లైట్సు ప్రాంతపు బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనము ఏర్పరచిరి. కామరాజుగారు 1956లో ఆ పనిని రాష్ట్రమంతటికి విస్తరింపజేసిరి, 1982లో యం. జి. రామచంద్రన్ గారు దానిని ఇంకను పెంచిరి. 2022 సెప్టెంబరు 15న ఉదయపు ఉపాహార పథకము మధుర నగరముననే ప్రారంభమైనది. నూరేండ్ల పాటు ప్రభుత్వములు మరల మరల అన్నము వడ్డింపవలసి వచ్చినదనగా, నూరేండ్ల పాటు పిల్లలు ఖాళీ కడుపుతో బడికి వచ్చుచుండిరన్న మాట. కడుపు నిండిన బిడ్డ మార్కులను, నిండని బిడ్డ మార్కులను ఒకే పట్టికలో వ్రాసి, పై పేరును మాత్రము మనము అచ్చువేయుచున్నాము.

రెండవది కాలము. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంబెల్ తన జిల్లాలో తొమ్మిది లక్షలకు పైబడిన జనమునకు 533 బడులును, వానిలో 6,641 మంది విద్యార్థులును మాత్రమే ఉన్నారని నివేదించెను. సీమ గుడ్డ వచ్చి చేతిపనులు దెబ్బతిన్నవనియు, పేదరికము వలన తల్లిదండ్రులు చదువు వ్యయము భరింపలేక, లేత చేతులు పనికి వచ్చినంతనే బిడ్డలను తమతో కష్టమునకు తీసికొని పోవుచున్నారనియు ఆయన వ్రాసెను. రెండు శతాబ్దములు గడచినవి. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో మన పశ్చిమ జిల్లాలలోను, దిండుగల్లు ప్రాంతమునను "సుమంగళి" యను ముద్దు పేరుతో, పెండ్లికి పనికివచ్చు సొమ్ము చివర ముట్టజెప్పుదుమని చెప్పి, పేద ఇండ్ల ఆడపిల్లలను కొన్ని ఏండ్ల ఒప్పందముపై నూలు మిల్లులలో పనికి కుదుర్చుకొనిరి. ఆ పిల్లలలో ఎందరో బడి మానినవారు. మిల్లు ఎవరిదని మేమిచట అడుగుట లేదు. మిల్లు లాభమునుండి కళాశాల పుట్టునని చెప్పుకొను మనము, అదే మిల్లులో ఒక బాలిక చదువు ముగియుటను కూడ చెప్పవలెనని మాత్రమే అడుగుచున్నాము.

మూడవది పుట్టుకను చదువుతో ముడివేయు మన మనస్తత్వము. 1953లో రాజాజీ ప్రభుత్వము గ్రామములలోని ప్రాథమిక పాఠశాల కాలమును రోజునకు మూడు గంటలకు తగ్గించి, తక్కిన కాలమున బిడ్డలు తండ్రి వృత్తిని నేర్వవలెనని పథకము వేసినది. బడులు చాలని కాలమున ఎక్కువమందికి చోటు దొరకునని దానిని సమర్థించినవారు కలరు. కాని తండ్రికి నూరెకరములున్న బాలుడు నేర్చు వృత్తి ఒకటి, తండ్రి తోలు కుట్టువాడైన బాలుడు నేర్చు వృత్తి మరియొకటి. ఒకనికది వారసత్వము, వేరొకనికి సంకెల. ప్రజలు తిరుగబడిరి, 1954లో కామరాజుగారు దానిని రద్దుచేసిరి. చట్టముగా అది పోయినది. ఊడ్చువాని కొడుకు పదవ తరగతి తప్పినపుడు "వానికింతే" అని మన నోట వచ్చు మాటలో మాత్రము అది బ్రతికియున్నది.

నాలుగవది భాష, ఇది మనకే ప్రత్యేకమైన చిక్కు. మన తెలుగు నోటిలో నున్నది, చేతిలో లేదు. ఇంట తెలుగు, వీధిలో తమిళము, పై చదువులో ఆంగ్లము. 2006 చట్టము ప్రకారము మొదటి తరగతినుండి మెట్టుమెట్టుగా తమిళము తప్పనిసరి యైనపుడు మన సంఘములు ఆందోళన చెందినవి. ఆ ఆందోళన న్యాయమే. కాని మూడు భాషల భారమును ఎవరు మోయుచున్నారో విచారించితిమా? కలిగిన ఇంటి బిడ్డకు ఒక్కొక్క భాషకు ఒక్కొక్క ఉపాధ్యాయుడు ఇంటికి వచ్చును. తాతగారు సాయంత్రము గుండ్రని అక్షరములు దిద్దించును. కూలి ఇంటి బిడ్డకు మూడు భాషలలో ఏదియు అక్షరముగా ఇంటిలో లేదు. మొదటివానికి మూడు భాషలు మూడు ద్వారములు; రెండవవానికి మూడు గోడలు. మాతృభాషయందు ప్రాథమిక విద్యకు వసతి కల్పింపవలెనను 350-ఎ అధికరణము 1956లో రాజ్యాంగమున చేరినది. ఆ హక్కును మనము అడుగునపుడు గోడల నడుమ నున్న బిడ్డ పేరుతో అడుగవలెను.

విదేశ పరిశోధనయు ఇదియే చెప్పుచున్నది. 1966లో అమెరికాలో జేమ్సు కోల్మన్ ఆరు లక్షలకు పైగా విద్యార్థులను పరీక్షించి, బడి భవనములకంటెను, పరికరములకంటెను, ఇంటి స్థితిగతులే బిడ్డ చదువును ఎక్కువగా నిర్ణయించుచున్నవని తేల్చెను. దీనిని పట్టుకొని "ఐనచో బడి యేల?" అనువారికి ఆ నివేదికలోనే సమాధానమున్నది: మంచి బడి వలన ఎక్కువ మేలు పొందువారు వెనుకబడిన ఇండ్ల బిడ్డలే. కలిగినవారి బిడ్డకు బడి తప్పినచో ఇల్లున్నది. లేనివారి బిడ్డకు బడి తప్పినచో ఏమున్నది?

"రిజర్వేషన్లు ఉన్నవి గదా, ఇంకను మన బాధ్యత యేమి?" యని కొందరు అందురు. సీటు వేరు, సీటు వరకు నడచుట వేరు. వైద్య విద్యకు జాతీయ ప్రవేశ పరీక్ష వచ్చిన తరువాత ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు దొరకిన సీట్లు ఎంత స్వల్పమో చూచి, 2020లో రాష్ట్ర ప్రభుత్వము వారికి 7.5 శాతము ప్రత్యేకింపవలసి వచ్చినది. శిక్షణ కేంద్రముల రుసుము చెల్లింపగలవానికిని చెల్లింపలేనివానికిని నడుమ దూరము కులము పట్టికలో మాత్రమే కొలువబడదు. "పేదలలోను పైకి వచ్చినవారు లేరా?" యని ఇంకొందరు అడుగుదురు. ఉన్నారు, వారికి మా నమస్కారము. ఏటి వరదను ఈది వచ్చినవాడు గజ ఈతగాడే. అతనిని చూపి వంతెన అక్కరలేదనువాడు మాత్రము ఒడ్డున నిలిచినవాడు.

మరియొక సంగతి కొందరికి రుచింపకపోవచ్చును. రాజ్యాంగపు 30వ అధికరణము మనవంటి భాషాల్పసంఖ్యాకులకు సొంత విద్యాలయములు నడుపుకొను హక్కు ఇచ్చినది. 2009 విద్యాహక్కు చట్టము ప్రైవేటు పాఠశాలలలో నాలుగవ వంతు స్థానములు బడుగు పిల్లలకు ఇయ్యవలెననగా, అల్పసంఖ్యాకుల పాఠశాలలకు ఆ చట్టము వర్తింపదని సుప్రీంకోర్టు 2014లో తీర్పు చెప్పినది. ఆ తీర్పును పెద్ద ధర్మాసనము మరల పరిశీలింపవలెనని 2025లో ఇద్దరు న్యాయమూర్తులు అభిప్రాయపడిరి. న్యాయస్థానములు ఏమి తేల్చినను ఒక మాట నిలుచును: చట్టము బలవంతపెట్టని పనిని ధర్మము నిషేధింపలేదు. అల్పసంఖ్యాకుల హక్కు అల్పసంఖ్యాకులలోని అల్పులకు చేరనిచో అది హక్కుగా కాక సౌకర్యముగా మిగిలిపోవును.

కనుక మా సూచనలు మూడు. సంఘము ఇచ్చు విద్యా బహుమతులలో, ఎక్కువ మార్కులకు ఇచ్చునవి అట్లే యుండనిండు; వాటి ప్రక్కనే, ఇంటిలో మొట్టమొదట పదవ తరగతి దాటిన బిడ్డకు, మొట్టమొదట కళాశాల మెట్టెక్కిన బిడ్డకు బహుమతి ఇయ్యవలెను. రెండవది, విద్యార్థి వేతనముల ప్రకటన ఈ సంచిక చదువువారితో ఆగక, సంచిక చేరని తెలుగు వీధులకు మనము నడచిపోయి చెప్పవలెను; ఆ వీధుల పెద్దలను సభాపంక్తిలో మన ప్రక్కన కూర్చుండ బెట్టుకొనవలెను. మూడవది, ఆదివారపు తెలుగు తరగతిలో పద్యముతో పాటు గణితమును, తమిళమును, ఆంగ్లమును చెప్పించి, వచ్చిన బిడ్డకు కడుపునిండ ఉపాహారము పెట్టవలెను. తెలుగు నేర్చుకొనుటకు వచ్చిన పేద బిడ్డ పరీక్షలో తప్పినచో, వాని తల్లి రెండవ యేడు పంపదు. ఆమెది తప్పు కాదు.

వీటికి ధనము ఎచటనుండి వచ్చునని అడుగుదురు. పీళమేడు సోదరులు దారి చూపియే యున్నారు. సంఘపు విద్యానిధిలో ఐదవ భాగమును, జాతి భేదము లేక, చదువు క్రొత్తగా మొదలైన తెలుగు ఇండ్లకు ప్రత్యేకించుటకు రాబోవు సర్వసభ్య సమావేశమున తీర్మానము ప్రవేశపెట్టబోవుచున్నాము. చదువరులు వచ్చి దానిని బలపరచవలెనని ప్రార్థించుచున్నాము. ఆ తీర్మానము నెగ్గిన తరువాతి సంచికలో తెలుగువాని తెలివిని గూర్చి వ్రాయుటకు మాకేమియు అభ్యంతరము లేదు. ఆ పుటలో అచ్చగు ఛాయాచిత్రములు మాత్రము నగరమునందలి అన్ని వీధులనుండియు వచ్చినవై యుండవలెను.